కన్ను మూసినా చెవి మూసుకోదు

(ఒక శాఖా గ్రంథాలయంలో వేసవి సాయంత్రం జరిగిన సభలో, డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైన అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మొన్న రాత్రి కరెంటు పోయింది, గుర్తుందా? ఎంతమందికి మెలకువ వచ్చిందో చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరికీ వచ్చింది. ఉక్కపోసి లేచామంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ బాగా గుర్తు చేసుకోండి. చాలాసార్లు చెమట పట్టకముందే, దోమ వాలకముందే, ఫ్యాన్ ఆఖరి చుట్టు తిరుగుతుండగానే కళ్ళు తెరుచుకుంటాయి. అప్పుడు మనల్ని లేపింది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం. అంతసేపూ ఆ ఫ్యాన్ మోత వింటున్నవాళ్ళు ఎవరో లోపల ఉంటేనే కదా, అది ఆగిందని తెలిసేది?

లోపల ఉండి వినే ఆ మనిషి గురించి మాట్లాడదామనే ఇవాళ వచ్చాను.

నా చిన్నతనం గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లు పక్కన గడిచింది. సీజన్లో మిల్లు రాత్రంతా ఆడేది. గోడలు అదిరేవి. ఇంటికి వచ్చిన చుట్టాలు తెల్లవారేదాకా అటూ ఇటూ దొర్లేవాళ్ళు. మేం మాత్రం హాయిగా నిద్రపోయేవాళ్ళం. అంత మోతలోనూ వసారాలో నాయనమ్మ ఒక్కసారి దగ్గితే మా అమ్మ లేచేది. మంచినీళ్ళు ఇచ్చి వచ్చి మళ్ళీ పడుకునేది. ‘మిల్లు మోత వినపడదు గానీ దగ్గు ఎలా వినపడిందమ్మా?’ అని అడిగితే, ‘ఏమోనే, వినపడింది’ అనేది. పసిపిల్ల తల్లులు ఇక్కడ ఉన్నారు, వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఉరుముకి లేవని తల్లి, ఉయ్యాల్లో బిడ్డ కదిలితే లేస్తుంది. అమ్మ చెప్పలేకపోయిన ఆ జవాబు కోసమే నేను సైకాలజీలోకి వచ్చానేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

క్లాసులో పిల్లలకి మొదటి వారమే ఒక తేడా చెప్పేదాన్ని. శబ్దం చెవిలో పడటం ఒకటి, అది ఫలానా శబ్దమని మనకు తెలియడం ఇంకొకటి. మొదటిది సంవేదన, రెండోది ప్రత్యక్షం. మెలకువగా ఉన్నప్పుడు రెండూ ఎంత దగ్గరగా జరుగుతాయంటే అవి వేరువేరని మనకు తోచదు. నిద్రలో ఆ రెండూ విడిపోతాయి. అందుకే మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే నిద్రపోతున్న మనిషిని చూడాలంటాను. కంటికి రెప్ప ఉంది, మూసుకుంటాం. చెవికి రెప్ప లేదు. నిద్రలో కూడా చెవి తన పని తాను చేస్తూనే ఉంటుంది. శబ్దం నరం గుండా మెదడుకి చేరుతూనే ఉంటుంది. చేరాక ఏమవుతుందన్నదే ప్రశ్న.

1960లో బ్రిటన్‌లో ఇయాన్ ఆస్వాల్డ్, ఆయన సహచరులు ఒక చక్కటి ప్రయోగం చేశారు. నిద్రపోతున్న వాళ్ళ పక్కన టేపురికార్డరు పెట్టి వరసగా పేర్లు వినిపించారు. బోలెడు పేర్లు, మధ్యలో ఎక్కడో ఆ మనిషి సొంత పేరు. నీ పేరు, ఇంకో ఫలానా పేరు వినపడితే పిడికిలి బిగించు అని పడుకోబోయే ముందు చెప్పారు. తలకి తీగలు అంటించి మెదడు తరంగాలు గీయించారు. మిగతా పేర్లకంటే సొంత పేరు వచ్చినప్పుడు నిద్రలోని మెదడు ఎక్కువగా ఉలిక్కిపడింది. ఒక్కోసారి పిడికిలి కూడా బిగిసింది. అదే పేరుని టేపు తిరగేసి వినిపిస్తే అంత స్పందన లేదు. అంటే లోపల ఉన్నది శబ్దం ఎంత గట్టిగా ఉందో మాత్రమే కొలిచే యంత్రం కాదు. అది మాటని పోల్చుకుంటోంది. ఇది నాది, ఇది నాది కాదు అని వేరు చేస్తోంది. మా అమ్మకి దగ్గు వినపడటం, మిల్లు వినపడకపోవడం ఇదే.

మెదడు ఉలిక్కిపడింది అన్నాను కదా, అది కాగితం మీద కనిపిస్తుంది. మనిషి తల మీదనుంచి మెదడులోని విద్యుత్తుని మొదటిసారి రికార్డు చేసింది జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు, 1924లో. ఐదేళ్ళ తర్వాత గానీ ఆయన దాన్ని ప్రచురించలేదు. దాన్నే ఇప్పుడు మనం ఈఈజీ అంటున్నాం. అప్పటిదాకా మనిషి నిద్రపోయాడో లేదో బయటినుంచి చూసి చెప్పడమే. తర్వాత 1930లలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూమిస్ అనే ఆయన, బాగా డబ్బున్నవాడు, తన ఇంట్లోనే ప్రయోగశాల పెట్టుకుని నిద్రలో మెదడు తరంగాలు రాత్రుళ్ళ తరబడి గీయించాడు. నిద్రపోతున్న మనిషి దగ్గర చిన్న చప్పుడైతే చాలు, గీత ఒక్కసారి పెద్దగా పైకి లేచి కిందికి దిగేది. దాన్ని కె-కాంప్లెక్స్ అంటారు. మనిషి లేవడు. పొద్దున అడిగితే ఏమీ వినలేదంటాడు. కాగితం మాత్రం విన్నాడనే చెబుతుంది.

మరి విన్నది మనదాకా ఎందుకు రాదు? మెదడు నడిమధ్యలో థాలమస్ అని ఒక భాగం ఉంది. ఇంద్రియాలు తెచ్చే కబుర్లలో చాలా మటుకు దాని గుమ్మం దాటే పైకి వెళ్ళాలి. నిద్ర పట్టాక ఆ గుమ్మం దగ్గర సెకనుకి పదకొండు నుంచి పదహారు సార్లు కొట్టుకునే చిన్న తరంగాలు పుడతాయి. నూలు కదురు ఆకారంలో ఉంటాయని వాటికి స్పిండిల్స్ అని పేరు పెట్టారు. ఇవి ఎవరిలో ఎక్కువగా వస్తాయో వాళ్ళు చప్పుళ్ళకి అంత తేలిగ్గా లేవరని 2010లో హార్వర్డ్ వాళ్ళు చూపించారు. మీ ఇంట్లో ఒకరిది కుంభకర్ణ నిద్ర, ఇంకొకరిది కోడికునుకు అయితే తప్పు ఎవరిదీ కాదండీ. బద్ధకమని పిల్లల్ని తిట్టకండి.

గుమ్మం దాటిన శబ్దానికి ఇంకో అడ్డు ఉంది. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. 2005లో విస్కాన్సిన్‌లో మాసిమిని, టోనోని బృందం ఒక అయస్కాంతపు చుట్టని తల దగ్గర పెట్టి మెదడులో ఒకచోట చిన్నగా తట్టినట్టు చేసింది. మెలకువగా ఉన్నప్పుడు ఆ తట్టు దగ్గరికీ దూరానికీ పాకి, సెకనులో మూడో వంతుదాకా మెదడులో అక్కడా ఇక్కడా తిరిగింది. గాఢనిద్రలో తట్టితే అక్కడికక్కడే పెద్దగా లేచి ఆరిపోయింది. పక్కకి పాకలేదు. నాకు ఊరు గుర్తొస్తుంది. పగలు ఒక వీధిలో కేక వేస్తే పది నిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది. అర్ధరాత్రి అదే కేక ఆ వీధి దాటదు. వీధులు అవే, మనుషులు వాళ్ళే, ఒకరి కబురు ఒకరికి అందటం లేదు, అంతే. స్పృహ అనేది మెదడులో ఒక మూల వెలిగే దీపం కాదనీ, వీధులన్నీ మాట్లాడుకోవడంలోనే అది ఉందనీ వాళ్ళ వాదం. నేను ఆ వాదాన్ని చాలావరకు నమ్ముతాను.

కలల గురించి ఎక్కువ చెప్పను, అది ఇంకో రోజు కబురు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ఇద్దరూ కలిసి నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే వేళలున్నాయని చెప్పారు. ఆ వేళల్లో లేపితే చాలామంది కల వచ్చిందంటారు. ఐదేళ్ళ తర్వాత డిమెంట్, వోల్పర్ట్ అలాంటి సమయంలో పడుకున్నవాళ్ళ మీద చన్నీళ్ళు చిలకరించి, కాసేపాగి లేపి అడిగారు. దాదాపు పదింటిలో నాలుగుసార్లు కలలోకి నీళ్ళు వచ్చాయి. పైకప్పు కారినట్టు, వాన పడినట్టు. అలారం మోగుతుంటే గుడిగంటలు కొడుతున్నట్టు కల రావడం మీకూ అనుభవమే. లోపలి మనిషి చప్పుడు విన్నాడు. మనల్ని లేపకుండా దానికో కథ అల్లి పెట్టాడు.

ఇంతవరకు చెవిని పొగిడాను. ఇప్పుడు ముక్కు. దయచేసి ఇది మాత్రం ఇంటికి వెళ్ళాక అందరికీ చెప్పండి.

పొగ వాసన వస్తే మెలకువ రాదా అంటారు అందరూ. గ్యాస్ లీకైతే వాసనకి లేస్తాం కదా అంటారు. 2004లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో కార్స్‌కాడన్, హెర్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నిద్రపోతున్నవాళ్ళకి పుదీనా వాసన, పిరిడిన్ అనే ముక్కు బద్దలయ్యే వాసన పట్టించి చూశారు. కన్ను మాగన్నుగా ఉన్నప్పుడు, అంటే పడీ పడని నిద్రలో, లేచారు. నిద్ర ముదిరాక ఆ దుర్గంధానికి కూడా చాలాసార్లు లేవలేదు. అదే మనుషుల్ని ఒక మామూలు కూత శబ్దం ఏ దశలోనైనా లేపగలిగింది. వాళ్ళు ప్రయోగించింది కొద్దిమంది మీదే. కానీ దాని అర్థం చిన్నది కాదు. ఇంద్రియాలన్నిటిలో వాసన ఒక్కటే థాలమస్ గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా మెదడు పైభాగానికి వెళ్ళగలదు. అయినా మనల్ని లేపదు. రాత్రి కాపలాకి ముక్కు రాదు.

వంటగ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే కంపు కొట్టే రసాయనం కలుపుతారు. ఆ కంపు మెలకువగా ఉన్న ముక్కు కోసం. పైగా ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదికి దిగి పరుచుకుంటుంది. మన ఇళ్ళల్లో చాప వేసుకుని కింద పడుకునేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అందుకని పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి. రోజూ. చలికాలంలో తలుపులు బిగించి కుంపటి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు, అది నిద్రని స్పృహ తప్పేదాకా తీసుకుపోతుంది.

మరి 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో జనం ఎలా లేచారు అని ఒకసారి ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. బతికి బయటపడ్డవాళ్ళు చాలామంది చెప్పిన మాట ఒకటే. ఎవరో మిరపకాయలు కాలుస్తున్నట్టుంది అని. దగ్గుతో, కళ్ళమంటతో లేచారు. అది వాసన కాదండీ, మంట. ముక్కులోకి, కంట్లోకి వచ్చే ఇంకో నరం ఉంది. ఘాటుని, మంటని, నొప్పిని పట్టుకునేది అది. పోపులో మిరపకాయ మాడితే పక్కగదిలో ఉన్నవాళ్ళు కూడా దగ్గేది దానివల్లే. ఆ నరం లేపుతుంది. కానీ అది లేపేసరికి విషం ఊపిరితిత్తుల్లోకి చేరిపోయి ఉంటుంది. ఆ రాత్రి గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఇక్కడ ఆగిపోవాలనిపిస్తుంది.

అందుకే అలారాలు. అలారం అంటే చెవికి కాపలా అప్పజెప్పడమే. అందులోనూ ఒక చిక్కుంది. పిల్లలు గాఢనిద్రలో అలారానికి కూడా ఒక్కోసారి లేవరు. 2006లో అమెరికాలో కొలంబస్ నగరంలో 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 24 మంది మీద ఒక పరిశీలన జరిగింది. గాఢనిద్రలో ఉండగా మామూలు అలారం కూత పెడితే 14 మంది లేచారు. కన్నతల్లి గొంతు రికార్డు చేసి, పేరు పెట్టి పిలిచి, లే, బయటికి వెళ్ళు అని వినిపిస్తే 23 మంది లేచారు. అది కూడా సుమారు 20 సెకన్లలో. కూతకి లేవడానికి మూడు నిమిషాలు పట్టింది. అగ్నిప్రమాదంలో మూడు నిమిషాలంటే ఏమిటో ఆలోచించండి. తల్లి గొంతు మహిమ అని ఇక్కడితో ఆపేస్తే మనందరికీ బాగుంటుంది. కానీ తర్వాత ఇంకా ఎక్కువమంది పిల్లలతో చేసి చూస్తే, పేరు పిలవకపోయినా, ఎవరో తెలియని స్త్రీ గొంతైనా దాదాపు అంత బాగానే పనిచేసింది. మాట్లాడే మనిషి గొంతు కావాలి, అది ముఖ్యం. నాకు ఇది ఇంకా నచ్చింది. పక్కింటి పిల్లని ఎవరైనా లేపచ్చన్నమాట.

లేచాక కూడా వెంటనే తెలివి రాదు. మన ఆడవాళ్ళు పాడుకునే ఊర్మిళ కథలో పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, లక్ష్మణుడు వచ్చి లేపితే గుర్తుపట్టదు. ఎవరో పరాయి మగవాడని గద్దిస్తుంది. పాట కట్టిన ఆ తల్లులు ఎంత బాగా గమనించారో చూడండి! గాఢనిద్రనుంచి లేచిన మెదడులో అన్ని భాగాలూ ఒకేసారి మేలుకోవు. ఆలోచించి నిర్ణయించే ముందు భాగం ఆలస్యంగా తేరుకుంటుంది. దీనికి కొన్ని నిమిషాలు పట్టచ్చు, అరగంటా పట్టచ్చు. నైట్ డ్యూటీలో కాస్త కునుకు తీసి లేచిన డాక్టరూ, లారీ డ్రైవరూ ఈ సంగతి తెలుసుకోవాలి. లేచిన వెంటనే స్టీరింగ్ పట్టుకోవద్దు.

కొత్త చోట నిద్ర పట్టదంటాం కదా. అదే బ్రౌన్ యూనివర్సిటీలో 2016లో తమాకి, ససాకి వాళ్ళు చూశారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు ఎడమ సగం కుడిసగమంత లోతుగా పడుకోదు. కుడిచెవిలో చిన్న కొత్త చప్పుడు వినిపిస్తే ఎక్కువగా, త్వరగా లేచారు. కుడిచెవి కబురు ఎక్కువగా చేరేది ఎడమ సగానికే. రెండో విడత పడుకున్నప్పుడు ఆ తేడా పోయింది. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతాయని పుస్తకాల్లో చదివి ఆశ్చర్యపోతాం. అత్తారింట్లో మొదటి రాత్రి మన మెదడూ కొంచెం అదే పని చేస్తోంది. పెళ్ళయిన కొత్తలో నిద్రపట్టక, అది నా బలహీనత అనుకుని ఏడ్చాను నేను. బలహీనత కాదు, కాపలా అని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ‘అందరూ నిద్రపోయారులే, మైకు ఉండనీ’ అంటారు. ‘వాడు లేవలేదు కదా, వాడికేం?’ అంటారు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని సామెత కూడా ఉంది. నిద్ర వస్తే ఎక్కడైనా పడుకుంటామన్నది నిజమే. కానీ శరీరం పట్టించుకోదన్నది నిజం కాదు. మనిషి లేవకపోయినా రాత్రి మోతకి గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు లేస్తుంది, గాఢనిద్ర పలచబడుతుంది. పొద్దున ఆ మనిషికి ఏమీ గుర్తుండదు, అలసట తప్ప. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్. ఐరోపాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది 40. ఒక మామూలు సంభాషణే 60 దాకా ఉంటుంది. మన పేటలో రాత్రి పదకొండింటికి ఎంత ఉంటుందో మీరే ఊహించండి. పండగ నాకూ ఇష్టమే. పక్క వీధిలో బాలింత ఉంటుంది, గుండె ఆపరేషనైన పెద్దాయన ఉంటాడు, రేపు పరీక్ష రాసే పిల్ల ఉంటుంది. వాళ్ళ చెవులకి రెప్పల్లేవు.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలో ఒక యువకుడు: మేడమ్, మా నాన్నగారు పన్నెండు రోజులుగా ఐసీయూలో ఉన్నారు. స్పృహ లేదు. ఆయనకి వినపడుతుందా?)

బాబూ, కూర్చో. నీకు అబద్ధం చెప్పను, ఆశ పెట్టి మోసం కూడా చెయ్యను. తెలిసింది చెబుతాను.

2006లో ఇంగ్లండులో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ఒక 23 ఏళ్ళ అమ్మాయిని పరీక్షించాడు. కారు ప్రమాదం తర్వాత కళ్ళు తెరిచి ఉండేది గానీ దేనికీ పలికేది కాదు. ఆమెని స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అన్నారు. తర్వాత మీ ఇంట్లో గదిగదికీ తిరుగుతున్నట్టు ఊహించుకో అన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదడులో ఏ భాగాలు వెలుగుతాయో ఆమెలోనూ అవే వెలిగాయి. ఆమె వింది. అర్థం చేసుకుంది. చెప్పినట్టు చేసింది. బయటికి మాత్రం వేలు కూడా కదల్లేదు. అది ఒక్క మనిషి కథ. 2024లో నాలుగు దేశాల్లోని ఆరు కేంద్రాల వాళ్ళు కలిసి లెక్క చెప్పారు. ఏం చెప్పినా బయటికి స్పందించని 241 మందిని పరీక్షిస్తే, 60 మంది మెదడు చెప్పినదాన్ని పాటించింది. నలుగురిలో ఒకరు. మీ నాన్నగారు ఆ ఒకరో, మిగతా ముగ్గురిలో ఒకరో నేను చెప్పలేను. మంచం పక్కన నిలబడి చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకని ఆయన వింటున్నారనే అనుకుని ఉండు. వెళ్ళగానే ‘నాన్నా, నేను వచ్చాను’ అని నీ పేరు చెప్పు. ఇవాళ ఏ వారమో చెప్పు, టైమెంతయిందో చెప్పు. లోపల మేలుకుని ఉంటే ఆయనకి పగలేదో రాత్రేదో తెలియదు, అదే పెద్ద భయం. ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పు. ఆస్పత్రి బిల్లు గురించి, ఆయన బతుకుతారా లేదా అన్నదాని గురించి మంచం దగ్గర మాట్లాడొద్దు. మీ బంధువులకి కూడా చెప్పు, ఆ మాటలు వరండాలోకి వచ్చి మాట్లాడుకోమని.

లోపలికి ఎన్నింటిదాకా రానిస్తారు? ఏడింటిదాకానా? ఇంకా నలభై నిమిషాలుంది. సభకేం పరవాలేదు, నువ్వు బయలుదేరు బాబూ. కాస్త ఆయనకి దారివ్వండి.